బీపీ గీత కలిస్తే గుండె మోడల్ రుజువైనట్టేనా?

మర్రిగూడ టీచర్:
మా తమ్ముడు ఇంజినీరింగ్ ప్రాజెక్టుకు గుండె, రక్తనాళాల బీపీని లెక్కగట్టే విండ్‌కెసెల్ మోడల్ కట్టాడు. ఒట్టో ఫ్రాంక్ 1899లో చెప్పిన పద్ధతి. గుండె తోసే రక్తం లెక్కకు రక్తనాళాల అడ్డు, సాగుడు అనే రెండు విలువలు కలిపితే బీపీ గీత వస్తుంది. మణికట్టు సెన్సర్ గీతతో అది కలిసింది, వ్యాలిడేషన్ అయిపోయింది అంటున్నాడు. నాకు నమ్మబుద్ధి కావట్లేదు.

పాలమూరు మెకానికల్:
అయినట్టే సార్. రక్తం పారే సూత్రం అమెరికాలో ఒకటి, జడ్చర్లలో ఇంకొకటి ఉండదు కదా.

నల్గొండ బయోమెడికల్:
సూత్రం ఒకటే అన్నా, అందులో వేసే అంకెలే వేరు. ఒకరికి అడ్డు 1, సాగుడు 1.5 అనుకోండి. ఇంకొకరికి అడ్డు 2, సాగుడు 0.75. రెండింటి లబ్ధం 1.5 సెకన్లే. రెండోవారి గుండె సగం రక్తమే తోస్తుంటే బీపీ గీత మొత్తం అచ్చంగా ఒకేలా వస్తుంది! ఒకరు మామూలు మనిషి, ఇంకొకరికి నాళాలు బిగుసుకుపోయాయి. గీత చూసి ఎవరు ఎవరో చెప్పలేం. ఎకో అనే గుండె స్కాన్‌తో రక్తప్రవాహం కూడా కొలవాల్సిందే.

పైగా మన దగ్గర ఫ్లోరోసిస్ ఉంది. ఫ్లోరోసిస్ ఉన్నవాళ్ళలో బృహద్ధమని (గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం) సాగే గుణం తగ్గిందని 2010లో టర్కీ పరిశోధకులు ప్రచురించారు. ఏళ్ళ తరబడి ఫ్లోరైడ్ బోరు నీళ్ళు తాగిన మన పెద్దవాళ్ళకు, కాలేజీ కుర్రాళ్ళ మీద కలిసిన మోడల్‌ను అట్లాగే వాడితే అది అన్యాయం.

పాలమూరు మెకానికల్:
అట్లా జిల్లాకొక పరీక్ష అంటే ఏ మోడలూ ఆస్పత్రి గడప తొక్కదు. సీటీ స్కాన్ నుంచి ఎఫ్‌ఎఫ్‌ఆర్ (గుండె ధమనిలో ఇరుకు దాటాక రక్తపు ఒత్తిడి ఎంత వంతు మిగిలిందో చెప్పే అంకె) లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌కు 2014లో అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇవ్వలేదా?

నల్గొండ బయోమెడికల్:
ఇచ్చింది. ఎట్లా పరీక్షించారో కూడా చూడండి. రోగి గుండె ధమనిలోకి ప్రెషర్ వైరు పంపి కొలిచారు, ఆ విలువతో లెక్కను పోల్చారు. ఎఫ్‌ఎఫ్‌ఆర్ 0.80 లేదా అంతకంటే తక్కువైతే ఆ ఇరుకు రక్తప్రవాహాన్ని తగ్గిస్తున్నట్టు. వైరు చెప్పిన అంకె మోడల్‌కు ముందే ఇవ్వలేదు, అది నాకు ముఖ్యం. తమ్ముడు ఏ గీతతో విలువలు సర్దాడో అదే గీతతో పోల్చాడు. స్టెంటు వేయాలా వద్దా అని తేల్చే లెక్కకు అది సరిపోదు.

మర్రిగూడ టీచర్:
వాడి దగ్గర ఎకో రీడింగులు లేవు. వచ్చే వారమే రిపోర్టు ఇవ్వాలి.

నల్గొండ బయోమెడికల్:
అయితే అడ్డు, సాగుడు విడివిడిగా తేలాయని రాయొద్దనండి టీచర్ గారూ. లబ్ధం ఒక్కటే రాయాలి. గీత మణికట్టు దగ్గర తీసిందనీ రాయాలి. అక్కడి పై బీపీ సాధారణంగా బృహద్ధమనిలో కంటే ఎక్కువ ఉంటుంది.