స్క్వేర్ డ్యాన్స్: 50 కాల్స్‌తో ఫ్లోర్ ఎక్కొచ్చా, మెయిన్‌స్ట్రీమ్ అయ్యేదాకా ఆగాలా?

కొత్తజంట:
మేం టెక్సస్‌లో ఉంటాం. మా ఆయన ఆఫీసులో ఒకాయన పిలిస్తే సెప్టెంబర్‌లో స్క్వేర్ డ్యాన్స్ క్లాసులో చేరాం. వారానికో సాయంత్రం, రెండు గంటలు. పన్నెండు వారాలకి ఎస్‌ఎస్‌డీ, అంటే సోషల్ స్క్వేర్ డ్యాన్సింగ్ జాబితా అయిపోయింది. దాదాపు 50 కాల్స్, అంటే డ్యాన్స్ నడిపించే కాలర్ అప్పటికప్పుడు పిలిచే కదలికల పేర్లు. ఇక క్లబ్బు డ్యాన్సులకి వస్తామంటే పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. దాని పై స్థాయి మెయిన్‌స్ట్రీమ్ కూడా పూర్తవ్వాలట, అంటే మొత్తం దాదాపు 70. ఆ ఇరవై కోసం వసంతం దాకా ఆగాలా? నాకు ఇప్పుడే వెళ్లాలని ఉంది, ఆయనేమో ఆగుదామంటున్నారు.

పాతకాపు:
ఆగండమ్మా. స్క్వేర్‌లో నాలుగు జంటలు, ఎనిమిది మంది. కాలర్ తర్వాత ఏం పిలుస్తాడో ఎవరికీ తెలియదు. నిమిషానికి 120కి పైగా బీట్లు నడుస్తుంటాయి. ఒకరికి కాల్ రాకపోతే మిగతా ఏడుగురూ నిలబడిపోతారు. తొందరపడి వచ్చిన ఓ జంట ఒకే రాత్రి మూడు స్క్వేర్లు చెడిపోయాయని బాధపడి మళ్లీ రాలేదు. వాళ్ల ముఖాలు నాకింకా గుర్తున్నాయి. ఆ బాధ మీకొద్దనే చెబుతున్నాను.

కోలాటం పిన్ని:
పాతకాపు గారూ, నేను మెయిన్‌స్ట్రీమ్ మొత్తం పూర్తి చేసే వెళ్లాను. అయినా మొదటి రాత్రే ఆగిపోయాను. ఎక్కడో తెలుసా? "రన్" దగ్గర. కాలర్ ఎవరిని రన్ అంటే వాళ్లు పక్కవాళ్ల చుట్టూ అరచక్రం తిరిగి వాళ్ల చోటులోకి రావాలి, పక్కవాళ్లు ఖాళీ అయిన చోటులోకి జరగాలి. క్లాసులో ఎప్పుడూ "బాయ్స్ రన్" అనే పిలిచారు. ఆ రాత్రి కాలర్ "గర్ల్స్ రన్" అనేసరికి కదలాల్సింది నేనేనని తట్టలేదు. కాల్ నాకు వచ్చు, కానీ ఒక్క వైపు నుంచే వచ్చు.

చిన్నప్పుడు మా ఊళ్లో కోలాటం నేర్చుకున్నాను. కోపు ముందే తెలుసు కాబట్టి కాళ్లు వాటంతటవే పోయేవి. ఇక్కడ కాళ్ల కంటే ముందు చెవి పనిచేయాలి. చెవికి 70 పేర్లు కాదు, 50 పేర్లు ఏ చోట నిలబడి విన్నా అర్థమవడం కావాలి. ఈ అమ్మాయికి ఆ అలవాటు ఫ్లోర్ మీదే వస్తుంది.

పాతకాపు:
మీరన్న రన్ సంగతి నిజమే, మా క్లాసుల్లోనూ ఆ లోటుంది. కానీ ఈ జాబితాలు ఊరికే పుట్టలేదు. 1974లో కాలర్లు కాలర్‌ల్యాబ్ అనే సంఘంగా కలిసి ఏ స్థాయిలో ఏ కాల్స్ ఉండాలో ఒక పద్ధతికి తెచ్చారు. కాల్స్ ఎక్కడైనా ఇంగ్లీషులోనే ఉంటాయి, అందుకే జపాన్‌లో నేర్చుకున్నవాళ్లు టెక్సస్ వచ్చినా ఆడగలరు. మెయిన్‌స్ట్రీమ్ డ్యాన్స్ అని బోర్డు పెట్టాక ఆ ఇరవైలో ఒకటి పిలిస్తే వీళ్లేం చేయాలి?

కోలాటం పిన్ని:
అందుకే క్లబ్బే కొన్ని టిప్పులు, అంటే డ్యాన్సు విడతలు, ఎస్‌ఎస్‌డీతోనే నడపాలి. రాత్రికి రెండు చాలు. కొత్తవాళ్లు వాటిలో ఆడి, మిగతావి కూర్చుని చూస్తారు.

అమ్మాయ్, ఒకటి గుర్తుపెట్టుకో, నాకిది ఎవరూ చెప్పలేదు. స్క్వేర్ చెదిరితే కంగారుపడి చేతులు లాగొద్దు. అందరూ హోమ్‌కి, అంటే మొదట నిలబడిన చోటుకి, వెళ్లండి. కాలర్‌కి వీపు పెట్టిన జంట, వాళ్లకి ఎదురు జంట, ఈ రెండు జంటలూ హెడ్స్, మిగతా రెండూ సైడ్స్. హెడ్స్ కుడివైపుకి జరిగి సైడ్స్ పక్కన చేరితే ఎదురెదురుగా రెండు లైన్లు అవుతాయి. మిగతా స్క్వేర్లు కూడా లైన్లకి వచ్చేదాకా ఆగి కలిసిపోవచ్చు. పాతకాపు గారూ, మీరు చెప్పిన ఆ జంటకి ఇది ఎవరైనా చెప్పారా?

పాతకాపు:
లేదు. ఆ మూడు స్క్వేర్లలో ఒకదానిలో నేనూ ఉన్నాను. నేనూ చెప్పలేదు. క్లాసుకి ఏంజెల్స్‌గా, అంటే సాయానికి వచ్చే పాతవాళ్లం కూడా భుజం పట్టి తోసేస్తుంటాం. చెయ్యి చాపి చోటు చూపిస్తే చాలు.

రెండు టిప్పుల మాట మా క్లబ్బులో నేనే ఎత్తుతాను. కానీ ఆ ఇరవై మాత్రం మానొద్దమ్మా, క్లాసుకి వెళ్తూనే ఉండండి.

కొత్తజంట:
క్లాసు మానం. ఇదంతా మా ఆయనకి చదివి వినిపించాను. రాత్రి బల్ల మీద మగవాళ్లకి నాలుగు గవ్వలు, ఆడవాళ్లకి నాలుగు చింతపిక్కలు పెట్టి "గర్ల్స్ రన్" జరిపి చూశాం. నాలుగోసారికి సరిగ్గా వచ్చింది. "ఎండ్స్ రన్" దగ్గర మాత్రం ఇద్దరికీ మాట కలవలేదు. అక్కడ చివర ఉన్నది ఎవరో ముందు ఎలా చూసుకోవాలి పిన్నిగారూ?