బ్యాండ్ వదిలి సోలోగా వెళ్ళిన రామ్ మిరియాల ఎదిగాడా, తగ్గాడా?

అలిపిరి మెట్టు:
చౌరస్తా బ్యాండ్‌లో ఉన్నప్పుడు ‘మాయ’ లాంటి పాటకు సినిమా లేదు, హీరో లేడు, స్టెప్పులు లేవు. పాట ఒక్కటే నిలబడింది. 2020 మార్చిలో కరోనా మొదలైనప్పుడు ‘చేతులెత్తి మొక్కుతా’ వదిలితే ఊరూరా మోగింది. ఆ తర్వాత ఆయన బ్యాండ్ నుంచి బయటికొచ్చాడు. అప్పటి నుంచి పేరు తెచ్చినవన్నీ సినిమా పాటలే. హిట్లు కాదనడం లేదు. కానీ సొంతంగా రాసి, బాణీ కట్టి, పాడే సత్తా ఉన్న మనిషి ఇంకొకరి సన్నివేశానికి పాడుతుంటే దాన్ని సోలో కెరీర్ అంటారా? తిరుపతి, చిత్తూరు వాళ్ళు ఏమంటారో చూద్దామని అడుగుతున్నా.

లీలామహల్ సర్కిల్:
‘చిట్టి’ రాగానే మా వీధిలో పసిపిల్లలు కూడా పాడారు. ఇంకేం కావాలబ్బా?

అలిపిరి మెట్టు:
‘చిట్టి’ ఆయన పాట కాదు తమ్ముడూ. 2021లో జాతిరత్నాలు సినిమాకి సంగీతం రధన్, రాసింది రామజోగయ్య శాస్త్రి. ఈయన పాడాడంతే. సోలో లెక్కలో దాన్ని వేయొద్దు.

చిత్తూరు తోతాపురి:
పాడాడంతే అంటున్నావే, పాడటం అంత తేలికైన పని అనుకుంటున్నావా తమ్ముడూ? నేను ఆర్కెస్ట్రాలో పాడతాను. ‘చిట్టి’ ఎంతమంది పాడినా ఆ గొంతులో ఉన్న కొంటెతనం రాదు. సరే, ‘చిట్టి’ పక్కన పెట్టు. 2022లో డీజే టిల్లు టైటిల్ పాటకి బాణీ కట్టిందీ, పాడిందీ ఆయనే. 2024లో టిల్లు స్క్వేర్‌లో ‘టికెటే కొనకుండా’ కూడా అంతే. వీటిని ఏ లెక్కలో వేస్తావు?

అలిపిరి మెట్టు:
ఆ రెండూ రాసింది కాసర్ల శ్యామ్. నేనడిగేది అదే. రాయడం ఎక్కడ పోయింది?

పలమనేరు అక్క:
రాసేవాడిదే పాట అంటే నాకో సందేహం. బలగంలో ‘ఊరు పల్లెటూరు’ ఈయన, మంగ్లి కలిసి పాడారు. సంగీతం భీమ్స్. 2023 సినిమాలకి ఇచ్చిన జాతీయ అవార్డుల్లో ఆ పాటకి వచ్చిన అవార్డు సాహిత్యానికే, కాసర్ల శ్యామ్‌కి. కానీ మా ఊళ్ళో ఎవరినడిగినా ఆ పాట పాడినవాళ్ళ పేర్లే చెప్తారు.

ఇంకో సంగతి. ‘ఎదిగాడా, తగ్గాడా’ అని తేల్చడానికి మన దగ్గర విమర్శ ఎక్కడుంది? సినిమా రివ్యూలో పాటలకి దక్కేది ఒక్క వాక్యం: ‘పాటలు బాగున్నాయి, నేపథ్య సంగీతం ఫర్వాలేదు.’ సినిమా లేకుండా వచ్చిన పాటకి ఆ వాక్యం కూడా దక్కదు. కింద కామెంట్లే విమర్శ, వ్యూసే మార్కులు. బ్యాండ్ రోజుల్లో పాటల గురించి ఎవరూ గట్టిగా రాయలేదు. ఇప్పుడు దేంతో పోల్చి తగ్గాడంటున్నారు?

పుత్తూరు కట్టు:
విరిగింది ఎవరి మనసో చెప్తే కట్టు కడతాం సామీ.

అలిపిరి మెట్టు:
అక్కా, విమర్శ లేకపోయినా చెవులున్నాయి కదా. మన అన్నమయ్యనే చూడండి. రాగిరేకుల మీద రాగం పేరు ఉంది గానీ స్వరం లేదు. ఆయన ఏ బాణీలో పాడాడో ఎవరికీ తెలియదు. అయినా అది అన్నమయ్య పాటే. ఎందుకు? మాట ఆయనది కాబట్టి.

చిత్తూరు తోతాపురి:
అన్నమయ్య దాకా ఎక్కావా! సరే. ఆ రేకులు తిరుమల గుడిలోని అరలోంచి బయటికి తీశాక రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి లాంటివాళ్ళు బాణీ కట్టి స్వరం రాస్తేనే కదా నువ్వూ నేనూ పాడుతున్నాం? మాట ఒక్కటే ఉంటే అది అరలోనే ఉండేది.

లీలామహల్ సర్కిల్:
మాది తిరుపతి అని ఒకసారి చెప్తే చాలు, ఏ చర్చ అయినా అన్నమయ్య దగ్గరికే పోతుంది 😂

అలిపిరి మెట్టు:
నువ్వు నవ్వు తమ్ముడూ. మాకు కాలేజీలో బ్యాండ్ ఉండేది. నలుగురం. బైరాగిపట్టెడలో షట్టర్ గదిలో ప్రాక్టీసు. పాడేవాడు మంచి గొంతుగాడు. హైదరాబాద్‌లో ట్రాక్ పాడే ఛాన్స్ వచ్చిందని పోయాడు. పోయినవాడు తిరిగి చూడలేదు. డ్రమ్ కిట్ మీద దుప్పటి కప్పింది కప్పినట్టే ఉంది. సోలో అని ఎవరైనా అంటే నాకు ఆ దుప్పటే కనిపిస్తుంది. అందరూ కలిసి పైకి లేపిన గొంతు ఒక్కడిది ఎట్లా అవుతుంది?

చిత్తూరు తోతాపురి:
ఇదీ అసలు సంగతి. రామ్ మిరియాల మీద కోపం కాదు, మీవాడి మీద కోపం. ఆ షట్టర్ గది ఎవరిది తమ్ముడూ? మీ నాన్నదే కదా? నువ్వే ఇంకో చర్చలో చెప్పావు. ఆ గోడల మధ్య ఎన్నాళ్ళయినా సొంత పాట పాడుకోవచ్చు, అద్దె అడిగేవాడు లేడు.

నా సంగతి విను. గంగజాతరకి స్టేజి ఎక్కితే ముందు వరస నుంచి చీటీలు వస్తాయి. ప్రతి చీటీలోనూ సినిమా పాటే. ఒకసారి రెండు పాటల మధ్య నేను రాసుకున్నది ఎత్తుకున్నా. పల్లవి కూడా అయిపోలేదు, స్పీకర్ బాక్సు వెనక నుంచి కమిటీ ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. కీబోర్డు వాడు నన్ను అడక్కుండానే వేరే పాట బిట్టు మొదలుపెట్టాడు. ఆ పూట డబ్బులు వచ్చేది ఆ బిట్టుకే. ఇంట్లో పిల్ల ఫీజు కట్టేది ఆ డబ్బుతోనే. సినిమాకి పోయినవాడు దిగజారాడని చెప్పడానికి నీకు తీరిక ఉంది. నాకు లేదు.

అలిపిరి మెట్టు:
మా నాన్న గదిని ఎందుకు లాగుతున్నావన్నా? మర్యాదగా మాట్లాడు.

పలమనేరు అక్క:
ఇద్దరూ కాస్త తగ్గండి. డబ్బు మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. 2012లో కాపీరైట్ చట్టం మార్చాక, సినిమా పాట అయినా, హాల్లో సినిమాతో పాటు వినిపించినప్పుడు తప్ప మిగతా వాడకానికి రాసినవాళ్ళకీ, బాణీ కట్టినవాళ్ళకీ రాయల్టీలో హక్కులు కొన్నవాళ్ళతో సమాన వాటా ఉంది. ఆ హక్కు నిర్మాతకి రాసివ్వడానికి కూడా వీల్లేదు. కాబట్టి సినిమాలో బాణీ కట్టడమంటే ఒట్టి కూలి పని కాదు. పాడటంతో ఆగకుండా బాణీలు కూడా కడుతున్నాడంటే నాకైతే అది ఎదుగుదలగానే కనిపిస్తోంది.

అలిపిరి మెట్టు:
డబ్బు సంపాదించుకోనీ అక్కా, ఎవరు వద్దన్నారు? తోతాపురి అన్నా సంపాదించుకోవాలి. నాకు మండేది అది కాదు. మావాడు పోయాక ఒక ఇంటర్వ్యూలో ఓ బాణీ హమ్ చేశాడు, ‘కాలేజీలో ఉండగా నేను కట్టుకున్నది’ అని. అది మా నలుగురిది. చరణం ఎత్తుగడ నాది. అడిగితే వాడు నవ్వి ఊరుకున్నా నేను ఏమీ అనుకునేవాణ్ణి కాదు. ఫోనే ఎత్తడు.

పుత్తూరు కట్టు:
ఈ మాట మొదటే చెప్పుంటే రామ్ మిరియాలకి ఇన్ని తిట్లు తప్పేవి.

అలిపిరి మెట్టు:
ఆయన్ని తిట్టింది ఎక్కడ? ఆయన బ్యాండ్ లోపలి సంగతులు నాకు తెలియవు, అవి ఎత్తలేదు కూడా. బయటికొచ్చినవాడి పేరు పెరిగినకొద్దీ వెనక ఉండిపోయినవాళ్ళు ఎవరికీ గుర్తుండరు అంటున్నా.

చిత్తూరు తోతాపురి:
అది ఒప్పుకుంటా. కానీ ఆ బాణీ మీ నలుగురిదని ఎక్కడైనా రాసుకున్నారా? యూట్యూబ్‌లో పెట్టుంటే తేదీ అయినా ఉండేది.

అలిపిరి మెట్టు:
స్నేహితుల మధ్య కాగితాలు ఎవరు రాసుకుంటారన్నా?

చిత్తూరు తోతాపురి:
మా ఆర్కెస్ట్రాలో డ్రమ్ములు కొట్టేది నా బామ్మర్ది. వాడికి అడ్వాన్సు ఇచ్చినా సంతకం పెట్టించుకుంటా.

లీలామహల్ సర్కిల్:
ఇంతకీ ఆ బాణీ రికార్డింగ్ ఉందా అన్నా? పెట్టు, విని మేమే చెప్తాం.

అలిపిరి మెట్టు:
ఉంది. పెట్టను. పెట్టాలంటే నలుగురూ ఒప్పుకోవాలి, అందులో ఒకడు ఫోన్ ఎత్తడు.