శాంతి చర్చల్లో ఆడవాళ్లు కూర్చుంటే నిజంగా తేడా వస్తుందా?

ప్రశ్న: సెమినార్ కోసం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1325వ తీర్మానం చదువుతున్నాను. 2000 అక్టోబరు నాటిది. శాంతి చర్చల్లో మహిళలకు చోటుండాలంటుంది. కానీ సంతకాలు పెట్టేది తుపాకులున్నవాళ్లే కదా, వీళ్ల మాట ఎవరు వింటారు?

జవాబు 1: లైబీరియా చూడండి. 2003లో అంతర్యుద్ధం ఆపాలంటూ క్రైస్తవ, ముస్లిం మహిళలు తెల్లబట్టలు కట్టుకుని కలిసి రోడ్డెక్కారు. ఘనా రాజధాని అక్రాలో పోరాడుతున్న పక్షాల నాయకులు చర్చలు సాగదీస్తుంటే, హాలు బయట బైఠాయించి ఎవర్నీ కదలనివ్వలేదు. అరెస్టు చేయబోతే ఆ మహిళల నాయకురాలు లేమా గ్బోవీ అక్కడే బట్టలు విప్పేస్తానని బెదిరించింది! (అక్కడ అది పెద్ద శాపం లెక్క.) ఆగస్టులో ఒప్పందం కుదిరింది. 2011లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి.

జవాబు 2: బయట ఒత్తిడి వేరు, లోపల సీటు వేరు. ఉత్తర ఐర్లాండ్‌లో 1996లో మహిళలు ఏకంగా పార్టీ పెట్టి, ఎన్నికల ద్వారా చర్చల్లోకి వచ్చారు. 1998 శాంతి ఒప్పందంలో బాధితుల ప్రస్తావన కోసం పట్టుబట్టింది వాళ్లే.

ప్రశ్న అడిగినవారు: మరి రువాండా? 2008 నుంచి పార్లమెంటు దిగువ సభలో సగానికి పైగా ఆడవాళ్లే కదా.

జవాబు 2: నిజమే, అయినా పగ్గాలు అధ్యక్షుడివే. నన్నడిగితే అంతకంటే పెద్ద మార్పు 1999 చట్టం. కూతుళ్లకూ వారసత్వ హక్కు ఇచ్చింది. 1994 మారణహోమంలో ఇంటి మగవాళ్లందరూ పోయినచోట, పొలం ఎవరి పేరున ఉందన్నదే అసలు ప్రశ్న.