అప్‌డేట్: ఫ్లైఓవర్ దిగేటప్పుడు మోకాలి బయటివైపు నొప్పి, కారణం తెలిసింది

హైదరాబాద్ మారథాన్‌కు ముందు మా క్లబ్బు రేసుల్లో ఫ్లైఓవర్ దిగేటప్పుడల్లా కుడి మోకాలి బయటివైపు సూది గుచ్చినట్లు నొప్పి వస్తోందని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

బూట్లు మార్చినా తేడా లేదు. ఎక్స్‌రేలోనూ ఏమీ కనిపించలేదు. ఫిజియోథెరపిస్టు ఒంటికాలిపై గుంజీ తీయమన్నారు. మోకాలు వెంటనే లోపలికి వాలిపోయింది. తుంటి పక్క కండరాలు బలహీనంగా ఉండటంతో, తొడ బయటివైపు నుంచి మోకాలి కింది వరకు ఉండే ఐటీ బ్యాండ్ అనే దళసరి కణజాలంపై ఒత్తిడి పడుతోందట. పక్కకు తిరిగి పడుకుని కాలు పైకెత్తే వ్యాయామం చేయమన్నారు. ఇక్కడ ఒకరు ముందే చెప్పిన సలహా అదే! పల్లంలో పరుగు కొన్నాళ్లు ఆపేశాను. ఆగస్టులో హాఫ్ మారథాన్ 21.1 కిలోమీటర్లూ నొప్పి లేకుండా పూర్తిచేశాను.

మోకాలి పట్టీ ఎందుకూ పనికిరాలేదు. కావలసినవారు పట్టుకుపోవచ్చు.