ఓడ ప్రొపెల్లర్‌ని ‘మర’ అనొచ్చా?

ఒక అనువాదం దగ్గర ఆగిపోయాను. జర్మనీలో వారెన్ అనే ఊరు ఉంది. సముద్రపు ఒడ్డు కాదు, సరస్సు ఒడ్డు. అక్కడి మెక్లెన్‌బుర్గర్ మెటాల్‌గుస్ కార్ఖానాలో పెద్ద కంటైనర్ ఓడలకి ప్రొపెల్లర్లు, అంటే వెనకాల నీళ్ళలో తిరుగుతూ ఓడని నెట్టేవి, పోతపోస్తారు. 2006లో వచ్చిన ఎమ్మా మేర్స్క్ ఓడది అక్కడిదే: ఆరు రెక్కలు, 9.6 మీటర్ల అడ్డుకొలత, దాదాపు 130 టన్నుల బరువు. జర్మన్లు దాన్ని ‘షిఫ్స్‌ష్రౌబె’ అంటారు, అంటే ఓడ మరమేకు. తలుపుకి బిగించే మరమేకూ వాళ్ళకి ష్రౌబే. నేను ‘చోదకం’ అని రాసి, నచ్చక కొట్టేశాను. ఏమనాలి?

— ఫ్యాన్ అనండి, గొడవ వదిలిపోతుంది.

— ఫ్యాన్ ఉన్నచోటే తిరుగుతుందండీ. ఇది తిరుగుతూ ముందుకి పోతుంది, మరమేకు చెక్కలోకి దిగినట్టు. బోల్టు ఒక చుట్టుకి ఎంత దిగుతుందో దాన్ని పిచ్ అంటాం కదా, ప్రొపెల్లర్‌కీ అదే మాట. కాకపోతే నీళ్ళు చెక్కలాగా పట్టివ్వవు, జారతాయి. అందుకని లెక్క కన్నా కాస్త తక్కువే సాగుతుంది.

అసలు మొదట్లో అది అచ్చం మరమేకులాగే ఉండేది. 1837లో ఇంగ్లండులో ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ ఒక కాలువలో పడవ నడిపి చూశాడు. వెనకాల రెండు చుట్లున్న చెక్క మర. అది కాస్తా సగం విరిగిపోయింది. పడవ ఆగలేదు సరికదా, ఇంకా జోరందుకుంది! ఇప్పటి రెక్కలు ఆ మరలో మిగిలిన ముక్కలే అనుకోండి. జర్మన్లు పాత పేరు వదల్లేదు, అంతే.

— మరి మనకి ‘మర’ ఉండనే ఉంది. మరబోటు అంటున్నాం కూడా.

— అక్కడే చిక్కు. మరబోటులో మర అంటే ఇంజను. పిండిమర, మరబియ్యం, మరమనిషి, అన్నిట్లోనూ అదే, యంత్రం. ‘సీసా మూత మర పోయింది’ అన్నప్పటి మర వేరు. ‘ఓడ మర’ అని రాస్తే చదివేవాళ్ళు ఇంజను గదిలోకి దిగిపోతారు. ఎమ్మా మేర్స్క్‌లో అయితే 2,300 టన్నుల మర 130 టన్నుల మరని నిమిషానికి వంద చుట్లు తిప్పుతుంది. చదివి ఎవరికైనా అర్థమవుతుందా?

— ఆ వాక్యం భలే ఉంది, కానీ వాడలేను. మొదటిసారి ‘ఓడని నెట్టే మరరెక్కలు’ అని రాసి, ఆ తర్వాత ప్రొపెల్లర్ అనేస్తాను.

— మంచిదే. లంగరు కూడా పారసీ నుంచి వచ్చిందే, ఎవరికి పరాయిగా అనిపిస్తోంది?

— సరే. బ్లేడుకి ‘రెక్క’ దగ్గర ఎవరికీ పేచీ లేదుగా?

— నీళ్ళలో ఉండేదానికి రెక్కేమిటండీ, తెడ్డు కదూ?