సిరిసిల్ల సెస్‌ను డిస్కమ్‌లో కలపాలా, సహకార సంఘంగానే ఉంచాలా?

మానేరు ఒడ్డు:
మొన్న ఒక పెళ్లి విందులో మా బంధువుల మధ్య మొదలైన వాదం విస్తరాకులు ఎత్తేసినా తేలలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. తెలియనివారి కోసం రెండు మాటలు. సిరిసిల్ల, వేములవాడ ప్రాంతంలో ఇంటింటికీ కరెంటు ఇచ్చేది డిస్కమ్, అంటే ప్రభుత్వ విద్యుత్ పంపిణీ సంస్థ, కాదు, 1970 నుంచి నడుస్తున్న సహకార విద్యుత్ సరఫరా సంఘం. అందరూ సెస్ అనే అంటారు. 2021లో ఆంధ్రప్రదేశ్‌లో కుప్పం, అనకాపల్లి, చీపురుపల్లి సంఘాలను డిస్కమ్‌లకు అప్పగించాలని అక్కడి విద్యుత్ నియంత్రణ మండలి ఆదేశించింది. ఇక్కడా అలాగే జరగాలా? దయచేసి కారణాలతో చెప్పండి.

స్తంభమెక్కినవాడు:
జరగకూడదు. దేశంలోనే మొట్టమొదటి గ్రామీణ విద్యుత్ సహకార సంఘం మాది. ఆ రోజుల్లో ఈ తాలూకాలో చాలా ఊళ్లకు కిరసనాయిలు దీపమే దిక్కు. అప్పుడు మా నాన్న వంటివాళ్లు ఉన్న కాస్తలోనే కొంత తీసి వాటా కట్టారు. ఆ రసీదు ఇప్పటికీ మా ఇంట్లో రేకు పెట్టె అడుగున, భూమి కాగితాల కింద ఉంది. మడతల దగ్గర చిరిగిపోతే మా అమ్మ గంజితో పల్చటి కాగితం అతికించింది, సంఘం ముద్ర మాత్రం చెక్కుచెదరలేదు. నేను విద్యుత్ పనిలోనే ముప్పై ఏళ్లు స్తంభాలెక్కి దిగినవాడిని. ఊరివాళ్లు పేరు పెట్టి పిలవగలిగే లైన్‌మన్‌కూ, ఎక్కడి నుంచో బదిలీ మీద వచ్చి మళ్లీ బదిలీ కోసం ఎదురుచూసే లైన్‌మన్‌కూ తేడా ఏమిటో నాకు తెలుసు.

లెక్కల మాస్టారు:
రసీదు మీద గౌరవంతోనే ఒక సవరణ చెబుతున్నాను. సిరిసిల్ల ఒక్కటే మొదటిది కాదు, మొదటి ఐదింటిలో ఒకటి. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడ్డాక, అమెరికా గ్రామీణ విద్యుత్ సహకార సంఘాల నమూనాను ఇక్కడ పరీక్షించి చూద్దామని సిరిసిల్లతో పాటు కర్ణాటకలో హుక్కేరి, గుజరాత్‌లో కొడినార్, మహారాష్ట్రలో ములా ప్రవర, ఉత్తరప్రదేశ్‌లో లక్నో దగ్గర ఒకటి మొదలుపెట్టారు. వాటిలో ములా ప్రవర భారీ బకాయిల్లో కూరుకుపోగా 2011లో ఆ ప్రాంతం ప్రభుత్వ పంపిణీ సంస్థ చేతికి వెళ్లింది.

అసలు విషయం లెక్కల్లో ఉంది. సెస్ కరెంటును తయారు చేయదు. తెలంగాణ ఉత్తర డిస్కమ్ దగ్గర టోకున కొని, తన స్తంభాల మీదుగా చిల్లరగా అమ్ముతుంది. చిల్లర ధర పెంచుకునే స్వేచ్ఛ దానికి లేదు. వ్యవసాయ మోటార్లకు ఉచితం, మరమగ్గాలకు సగం రాయితీ. ఎక్కువ ధర కట్టే పెద్ద పరిశ్రమలు ఆ పరిధిలో తక్కువ. అందుకే సంఘం ఎంత కట్టగలదో చూసి టోకు ధరను నియంత్రణ మండలి తక్కువగా నిర్ణయిస్తుంది. ఒకరు తగ్గించి ఇస్తే నడిచే సంస్థను స్వతంత్ర సంస్థ అని ఎలా అనాలి?

కండెచుట్టు:
మొదటిదైనా ఐదింటిలో ఒకటైనా మా బిల్లు మారదు కదా.

స్తంభమెక్కినవాడు:
మాస్టారూ, ఐదింటి పేర్లు చెప్పేటప్పుడు మీరు కూడా సిరిసిల్లనే ముందు చెప్పారు. గమనించారా?

లెక్కల మాస్టారు:
తెలుగులో రాస్తున్నాను కాబట్టి మన ఊరిని ముందు చెప్పాను. దాన్ని చరిత్రకు సాక్ష్యంగా చూపించకండి.

బావిగడ్డ రైతు:
నాది సెస్ పరిధి కాదు. ఏ జిల్లానో, ఏ కార్యాలయమో చెప్పను, ఎందుకంటే ఆ సారు ఇంకా అక్కడే ఉన్నారు. నాట్లు వేసిన ఐదో రోజున మా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. తొమ్మిది మంది రైతులం డబ్బులు పోగుచేసి, ట్రాక్టర్ కిరాయికి మాట్లాడుకుని, మేమే దాన్ని దింపి, మేమే మరమ్మతుకు తీసుకెళ్లి, మేమే తెచ్చి ఎక్కించుకున్నాం. పదకొండు రోజులు పట్టింది. ఆలోగా రెండెకరాల మడి నెర్రెలు విచ్చింది. ఇరవై నాలుగు గంటల కరెంటు 2018 జనవరి నుంచి ఉందని కాగితం మీద అందరికీ తెలుసు. కాగితం తీగలను కలపదు కదా. సంఘం ఉంటే కనీసం డైరెక్టర్ ఇంటి ముందు వెళ్లి కూర్చోవచ్చు, డిస్కమ్ అయితే ఎవరి గుమ్మం ముందు కూర్చోవాలి?

లెక్కల మాస్టారు:
మీ కష్టం నిజమే, కాదనను. కానీ ఒక ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవడం సంస్థ రూపం గురించి ఏమీ చెప్పదు, సంఘం పరిధిలో కూడా ట్రాన్స్‌ఫార్మర్లు కాలుతాయి. 2003 విద్యుత్ చట్టం 13వ సెక్షన్ కింద, లైసెన్సు లేకుండానే పంపిణీ చేసుకునేలా సహకార సంఘాలకు మినహాయింపు ఇవ్వవచ్చు. మినహాయింపు అంటే హక్కు కాదు, ఇచ్చినవారు వెనక్కి తీసుకోగలరు. మూడు సంఘాల విషయంలో ఆంధ్రలో జరిగింది అదే.

స్తంభమెక్కినవాడు:
మీకు ఒకటో తేదీన జీతం వస్తుంది, అందుకే అన్నీ సెక్షన్లుగా కనిపిస్తాయి. అర్ధరాత్రి వానలో ఫ్యూజు వేయడానికి వెళ్లినవాడికి సంస్థ రూపం ఎలా ఉంటుందో తెలుసు. మా నాన్న కట్టిన వాటాను మీరు ఒక వాక్యంలో డిస్కమ్‌కు రాసిచ్చేస్తున్నారు.

లెక్కల మాస్టారు:
నా జీతం సంగతి ఇక్కడ ఎందుకు? మీ నాన్నగారు వాటా కట్టిన సంఘమే ఇప్పుడు ఉందా అని నేనూ అడగగలను. 2022 డిసెంబరులో పాలకవర్గానికి జరిగిన ఎన్నికలు చూశారు కదా. పదిహేను డైరెక్టర్ స్థానాలకు రాజకీయ పార్టీలు అభ్యర్థులను నిలబెట్టి శాసనసభ ఎన్నికల్లా పోరాడాయి. సహకారం అనే మాట అక్కడ బోర్డు మీదే మిగిలింది.

మానేరు ఒడ్డు:
ఇద్దరూ కొంచెం తగ్గాలని మనవి.

సాంచ కార్మికుడు:
చదువుతూ వచ్చాను, ఇప్పటిదాకా నాకు చోటు కనిపించలేదు. నేను సాంచలు, అంటే మరమగ్గాలు నడుపుతాను, పన్నెండు గంటల షిఫ్టు. పోగు తెగితే అతకాలి, కండె అయిపోతే మార్చాలి. కరెంటు పోతే షెడ్డంతా ఒక్కసారిగా మౌనమవుతుంది, ఆ మౌనం ఎంతసేపుంటే నా కూలి అంత తగ్గుతుంది, ఎందుకంటే నాకిచ్చేది మీటర్ల లెక్క మీద. షెడ్డు మీటరు ఆసామి పేర ఉంది. నేనుండే అద్దె ఇంటి మీటరు ఇంటాయన పేర ఉంది. సభ్యత్వమూ ఓటూ వాళ్లవే. పద్నాలుగేళ్లుగా కరెంటు బిల్లు డబ్బులు నా జేబులోంచే పోతున్నాయి, ఒక్కసారి కూడా ఓటేయలేదు. జిల్లా జనాభా 2011 లెక్కల్లోనే ఐదున్నర లక్షలు, సెస్ ఎన్నికల్లో ఓటర్లు లక్షకు లోపే. మీరిద్దరూ ఆస్తి ఎవరిదని కొట్లాడుతున్నారు, ఆ ఇద్దరిలో ఎవరు గెలిచినా నాకు కరెంటు పోయినప్పుడు అడిగే హక్కు రాదు.

కండెచుట్టు:
ఇది ముందే రావాల్సిన మాట.

లెక్కల మాస్టారు:
డిస్కమ్‌లో అయితే ఎవరికీ ఓటు ఉండదు, ఆ విధంగా అందరూ సమానమే. ఇది ఎగతాళిగా అనడం లేదు. వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు వెళ్లడానికి వాటాదారు అయి ఉండనవసరం లేదు.

స్తంభమెక్కినవాడు:
తమ్ముడూ, నీ బాధ సబబే. ఓటు లేనివాడికి ఓటు ఇప్పించాలి గానీ, ఉన్నవాళ్ల ఓటు కూడా తీసేసి సమానం చేశామని మాస్టారిలా సంతోషపడకూడదు.

సాంచ కార్మికుడు:
అలాగైతే ఒక మాట చెప్పండి అన్నా. అద్దెకుండి బిల్లు కట్టేవాడికి కూడా సభ్యత్వం ఇవ్వాలని మహాసభలో తీర్మానం పెడితే, రసీదు ఉన్న మనిషిగా మీరు చేయి ఎత్తుతారా?

స్తంభమెక్కినవాడు:
ఎత్తుతాను. కాకపోతే ముందు ఇంటి యజమాని ఒప్పుకోవాలి కదా.

సాంచ కార్మికుడు:
మీ ఇంట్లో కిందివాటాలో ఎవరైనా అద్దెకున్నారా?

స్తంభమెక్కినవాడు:
ఉన్నారు. సాయంత్రం మాట్లాడి చెబుతాను.