పాత క్యాంపర్ వ్యాన్ కొన్నాం, ముందు ఇంటి ముందే పడుకొని చూడాలా?

ఉప్పల్‌బాట: 2016 వ్యాన్, క్యాంపర్‌గా మార్చినది, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాం. మంచాలు, గ్యాస్ పొయ్యి, నీళ్ల ట్యాంకు, ఇన్వర్టర్ ఉన్నాయి. అమ్మినాయన అరగంటలో అన్నీ చూపించేశాడు, సగం గుర్తులేవు. శనివారం పిల్లలతో నాగార్జునసాగర్ వెళ్లాలి. ముందు రెండు రాత్రులు ఇంటి ముందే అందులో పడుకోమంటున్నాడు మా బావ. అంత అవసరమా?

స్పానర్: అవసరమే. ముందు గ్యాస్. ఎల్‌పీజీ గాలికన్నా బరువు, లీకైతే కిందికి దిగి నేలంతా పరుచుకుంటుంది. పై కిటికీ తెరిస్తే పోదు. ప్రతి జాయింటుకీ సబ్బునీళ్లు రాసి రెగ్యులేటర్ ఆన్ చేయండి, బుడగలొస్తే లీకున్నట్టు. తర్వాత లోపలి బ్యాటరీ. నిండా ఛార్జయ్యాక ఛార్జింగ్ తీసి కొన్ని గంటలాగితే లెడ్ యాసిడ్ రకం బ్యాటరీ అయితే 12.6 వోల్టులుండాలి. రాత్రంతా ఫ్యాను వేసి, పొద్దున దాన్ని ఆపి కాసేపాగి చూడండి. 12.2కి వస్తే సగం అయిపోయినట్టే.

బోయిన్‌పల్లి బండి: ఆగి ఉన్న బండిలో ఏం తెలుస్తుంది? కుదుపులకే జాయింట్లు వదులవుతాయి. బయల్దేరండి. 12.2 అంటే సగం అన్నది కూడా తప్పు. నాది 12.1 చూపించాక కూడా రాత్రంతా ఫ్యాను తిరిగింది.

స్పానర్: ఫ్యాను తిరుగుతుండగా చూసుంటారు. లోడ్ మీద తక్కువే చూపిస్తుంది.

బోయిన్‌పల్లి బండి: ఆపే చూశాను. కోఠిలో కొన్న మీటర్, బాగానే పనిచేస్తుంది.

గండిపేట గాలి: టైర్ల తేదీ కూడా చూడండి. పక్కన 2217 అని ఉంటే 2017లో 22వ వారం.

స్పానర్: మీటర్ కాదు, లెక్క చూడండి. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ సామర్థ్యం) బ్యాటరీలో సగమంటే 900 వాట్ అవర్లు. చిన్న ఫ్యానుకి రాత్రంతా సరిపోతుంది, అందుకే మీది తిరిగింది. టన్ను ఏసీ అయితే గంట కూడా నడవదు.

బోయిన్‌పల్లి బండి: లెక్కలు నాకు చెప్పకండి. ఇలాంటి మాటలు విని మూడు నెలలు ఒక్కో వైరు చూసుకుంటూ కూర్చున్నాను. నాన్నకి శ్రీశైలం చూపిద్దామని కొన్న బండి అది. వచ్చే వారం, వచ్చే వారం అంటుండగానే ఆయన మంచం పట్టారు. మళ్లీ లేవలేదు.

స్పానర్: అది నాకు తెలియదండీ. మూడు నెలలు ఆగమని నేననను. మా చెల్లెలి వాళ్ల బండిలో పొయ్యి నాబ్ సరిగ్గా మూసుకోక, తెల్లవారుజామున కింద పరుపు మీద పడుకున్న చిన్నదానికి వాంతులు. అందుకే ఇంటి ముందు పడుకునే ఒక్క రాత్రి మాత్రం నేను వదులుకోమని చెప్పలేను.

బోయిన్‌పల్లి బండి: ఒక్క రాత్రి సరే. తేదీ మార్చొద్దు, అంతే నేను చెప్పేది.

ఉప్పల్‌బాట: నిన్న సాయంత్రం సబ్బునీళ్లు రాశాను. రెగ్యులేటర్ దగ్గర ఏమీ లేదు. పొయ్యి వెనక, పైపు బిగించినచోట ఆవగింజంత బుడగలు వరసగా వచ్చాయి. సిలిండర్ విప్పి బయట పెట్టేశాను. రేపు పైపు, క్లిప్పు రెండూ మార్పించి శుక్రవారం రాత్రి అందులోనే పడుకుంటాం. శనివారం పొద్దున్నే ప్రయాణం.